పిడుదుల నెలవులు – సంఘము చేయదగిన పని

మన గ్రామములలో పశువుల మేనిపై పిడుదు లుండుట క్రొత్త సంగతి కాదు. కొన్ని సీమలవారు దీనిని పిడుదు అనియు, కొన్ని సీమలవారు గోమారి అనియు పిలుతురు. ఆవు పొదుగునందు, గంగడోలు మడతలలో, చెవి లోపల, తోకకుదురున ఇవి చిన్న కాయలవలె వ్రేలాడుచుండగా చూడని రైతు లేడు. చూచి చూచి కన్నులకు అలవాటయినది గనుక దీనిని గొప్ప విపత్తుగా ఎవ్వరును ఎంచరు. ఏ పాడిపశువునకో జ్వరము తగిలి, పాలు తగ్గి, మూత్రము ఎఱ్ఱనైనప్పుడు మాత్రము అంగడికి పరుగెత్తి ఒక సీసా మందు తెచ్చి చల్లుదురు. కొన్ని దినములు పశువు మేను శుభ్రముగా నుండును. నెల రెండునెలలు తిరుగకమునుపే పిడుదులు మరల క్రమ్ముకొనును. అప్పుడు మందు మంచిది కాదందురు, అమ్మినవాడు మోసగాడందురు, లేదా కర్మ మిట్లున్నదని ఊరకుందురు.

మా అభిప్రాయమున దోషము సీసాలోని మందుది మాత్రమే కాదు. పిడుదు పశువుమీద నివసించు పురుగని మన గ్రామములలో సామాన్యముగా తలచుచున్నారు. వాస్తవమునకు అది తన జీవితములో పెక్కుదినములు నేలపైనను, గోడలలోనను, గడ్డి కొనలపైనను గడపును. పశువు దానికి భోజనశాల మాత్రమే. ఇల్లు వేఱొకచోట నున్నది. ఏ జాతి పిడుదు ఏ చోట పొంచియుండునో తెలిసికొననిదే దానిని జయింపజాలము. తెలిసికొన్న పిమ్మటనైనను ఒక్క రైతు ఒంటరిగా జయింపజాలడు. ఈ రెండు మాటలను సంఘసభ్యుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

పిడుదు ఈగ, దోమవంటి కీటకము కాదు. తేలు, సాలెపురుగు మొదలగువాని కుటుంబమునకు చేరినది. పెరిగిన పురుగునకు ఎనిమిది కాళ్ళు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మాత్రము ఆఱు. ఱెక్కలు లేవు, ఎగురజాలదు, దుముకజాలదు. గ్రుడ్డు, పిల్ల, నడిమి ప్రాయము, పెద్ద పురుగు అని దానికి నాలుగు దశలు. గ్రుడ్డు తప్ప తక్కిన ప్రతి దశయందును దానికి నెత్తురు కావలెను. ఎగురలేని పురుగు ఎంతో దూరము పోలేదు గనుక, అది యున్న తావునకు మనమో మన పశువో పోయినప్పుడే దాని ఆకలి తీరును. కావుననే పిడుదుల సంగతియం దన్నిటికంటె ముందు తెలియవలసినది వాని నెలవులు.

మొదటి నెలవు పచ్చికబీడు. మన ఆవులమీద, ఎద్దులమీద ఎక్కువగా కనబడు పిడుదును శాస్త్రజ్ఞులు రీపిసెఫాలస్ మైక్రోప్లస్ అందురు. దీని పిల్లలు గడ్డి పరకల కొనలకు ప్రాకి, కాళ్ళు చాచి, పశువు రాకకై కనిపెట్టుకొనియుండును. పశువు తగిలినంతనే పట్టుకొని యెక్కి, మూడు వారముల కాలము ఆ పశువుమీదనే రెండుమారులు కుబుసము విడిచి పెరుగును. నెత్తురు త్రాగి ఉబ్బిన ఆడుపురుగు నేలకు రాలి, మట్టిలోనో గడ్డి మొదటనో రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. పశువుమీది నూరు పిడుదులను చంపిన రైతు, అంతకుముందే రాలిపోయిన పది పురుగుల సంతతి బీడులో వేచియున్న దని యెఱుగడు. తేమగల పచ్చికలో ఈ పిల్లలు తిండిలేకయే వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు బ్రదుకగలవు. ఎండిన నేలపై త్వరగా నశించును. వానలు కురిసి గడ్డి పెరిగిన దినములలో ఈ బాధ హెచ్చగుటకు కారణ మిదియే.

ఈ పిడుదు వలన పశువులకు రక్తమూత్రముతో కూడిన బాబేసియా జ్వరము సంక్రమించును. మన ఒంగోలు మొదలగు దేశవాళి జాతులకు దీనిని తట్టుకొను శక్తి స్వభావసిద్ధముగా నున్నది. సంకరజాతి ఆవులకు అంత శక్తి లేదు. దక్షిణాసియా ప్రాంతములలోని ఈ పురుగు పశువులతోపాటు సముద్రములు దాటి ఉష్ణదేశములెల్ల నాక్రమించినది. 1872లో బటేవియానుండి తెచ్చిన పశువులతో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవున దిగి, కాలక్రమమున ఆ దేశపు ఉత్తరభాగ మంతయు వ్యాపించినది. ఆ దేశస్థులు తుదకు మూపురముగల మన జాతుల రక్తమును తమ మందలలో కలిపికొని కొంత ఉపశమనము పొందిరి. పాలకొఱకు సంకరజాతిని పెంచువారు తప్పుచేయుచున్నారని మే మనము. అట్టి పశువును కొనిన దినమే పిడుదుల విషయమున ఇమ్మడి జాగ్రత్తను కూడ కొనినట్లు గ్రహింపవలెనని మాత్ర మందుము.

రెండవ నెలవు పశువుల కొట్టమే. దీనిని పెక్కుమంది ఎఱుగరు. హయలోమ్మా అను పెద్ద పిడుదు, కాళ్ళపై చారలు గలది, పచ్చికకంటె పొడినేలను, కొట్టమును ఎక్కువ ప్రీతించును. మట్టిగోడల నెఱ్ఱెలు, రాళ్ళ సందులు, గాటి క్రింది చీలికలు, దూలముల రంధ్రములు దీని నివాసములు. నెత్తురు త్రాగి నేలకు రాలి, గోడ కెగబ్రాకి, సందులో దాగి కుబుసము విడిచి మరల పశువును వెదకికొనుచు వచ్చును. గడ్డివలె వేచియుండక, పశువు జాడ తెలిసినంతనే పరుగెత్తి యెక్కును. దీనివలన సంకరజాతి ఆవులకు, దూడలకు థైలేరియా జ్వరము కలుగును: తీవ్రమగు కాక, భుజము ముందఱి గ్రంథులు ఉబ్బుట, నెత్తురు క్షీణించుట దీని గుర్తులు. బీడునకు పోకుండ కట్టుకొయ్యవద్దనే మేపు ఆవునకు పిడుదు లెట్లు వచ్చెనని ఆశ్చర్యపడు పాడిరైతు తన కొట్టపు గోడలను ఒక దీపము పట్టుకొని చూచిన చాలును.

ఈ హయలోమ్మా జాతి మనుష్యునికిని అపాయకరమే. క్రిమియా-కాంగో జ్వరమను ఘోరవ్యాధికి ఇది వాహకము. మన దేశమున ఆ వ్యాధి మొదట నిర్ధారణయైనది 2011 జనవరిలో, గుజరాతు రాష్ట్రమున అహమ్మదాబాదు జిల్లాలో. రోగికి పరిచర్య చేసిన వైద్యుడు, నర్సు కూడ దానికే బలియైరి. ఈ వ్యాధిక్రిమి సోకిన పశువు జబ్బుగా కనబడదు. పిడుదు కుట్టుటచేతనే కాక, దానిని చేతివ్రేళ్ళతో నలిపినప్పుడును, కోసిన పశువు నెత్తురు తగిలినప్పుడును ఇది మనుష్యులకు అంటును. పిడుదులను గోళ్ళమధ్య చిదుముట మన కొట్టములలో పిల్లలకు కూడ ఆటవంటిది. ఆ అలవాటును మాన్పించుటకు కాసంత ఖర్చు కాదు. పెద్దలు ఒక మాట చెప్పిన చాలును.

మూడవ నెలవు గొఱ్ఱెల మేకల దారులు. తుప్పలు, ముళ్ళపొదలు, రాతిగుట్టల నీడలలో హీమాఫైసాలిస్ జాతి చిన్న పిడుదులు మెండు. పాలమూరు ప్రాంతపు గొల్లలు మేతకై మందలను నల్లమలకును, కృష్ణాతీరమునకును తోలుకొనిపోవుట తరతరములుగా నున్న ఆచారము. మంద నడిచిన దారిలో పిడుదులును నడచును. ఒక ఊరి దొడ్డిలో రాలినది మరియొక ఊరి దూడ కెక్కును. దీనికి గొల్లవానిని నిందించుట అన్యాయము. అతడు పొలమున మంద నిలిపినందువలన ఎరువు లాభము పొందునది మన రైతులే. మంద దిగు చోట పశువులను కొన్నిదినములు మేపకుండుటయు, మందకును మందుచల్లుటలో సాయపడుటయు న్యాయమగు పద్ధతి.

ఇచట ఒక భేదమును చెప్పవలెను. తుప్పలలో తిరిగినవారికి శరీరమున నల్లని పెచ్చుకట్టిన పుండుతో జ్వరము వచ్చుట మన జిల్లాలలో కనబడుచున్నది. దానిని స్క్రబ్ టైఫస్ అందురు. అది పిడుదు వలన కాదు. కంటికి ఆనని మరొక సూక్ష్మమైన పురుగు పిల్ల కుట్టుటవలన వచ్చును. అయినను తిరిగిన చోటు ఒకటే, జాగ్రత్తయు ఒకటే. జ్వరము వచ్చినప్పుడు పొలములో, తుప్పలలో తిరిగిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. ఈ వ్యాధి సకాలమున గుర్తించినచో మందునకు లొంగును. ఆలసించినచో ప్రాణముమీదికి తెచ్చును.

నాలుగవ నెలవు మన యిల్లే. కుక్క పిడుదు ఇంటి గోడల బీటలలో, గుమ్మపు చెక్క సందులలో కాపురముండి గ్రుడ్లు పెట్టును. ఇది ప్రపంచమున మిక్కిలి విస్తారముగా వ్యాపించిన పిడుదులలో ఒకటి. కుక్కలకు జ్వరములు కలిగించుటయే కాక, అప్పుడప్పుడు మనుష్యులకు దద్దురులతో కూడిన పిడుదు టైఫస్ జ్వరమును తెచ్చును. కుక్కతో ఆడు పిల్లల తలలు, మెడలు, చెవుల వెనుకభాగములు తల్లులు చూచుచుండవలెను. కోళ్ళగూటిలో నుండు ఆర్గాస్ జాతి వేఱు. అది పగలెల్ల చెక్కసందున దాగి, రాత్రి బయల్వెడలి కోడినెత్తురు పీల్చి, తెల్లవాఱకమునుపే మరల దాగును. గూడు ఖాళీచేసి విడిచిన మాత్రమున చావదు. ఏండ్లకొలది తిండిలేక బ్రదుకగలదు. పాతగూటిలో క్రొత్తకోళ్ళను పెట్టి నష్టపోవువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఐదవ నెలవు అడవి. దీనిని గూర్చి మన పొరుగురాష్ట్రమగు కర్ణాటకమునుండి నేర్చుకొనదగిన పాఠ మున్నది. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు గుంపులుగా చచ్చెను. వెనువెంటనే చుట్టుపట్ల గ్రామస్థులు తీవ్రజ్వరముతో పడిరి. పూనా నగరమందలి వైరస్ పరిశోధనకేంద్రమువారు అది క్రొత్త వ్యాధి యనియు, హీమాఫైసాలిస్ స్పినిజెరా అను అడవి పిడుదు దానికి ముఖ్యవాహక మనియు కనుగొనిరి. సోకినవారిలో నూటికి మువ్వురు మొదలు ఐదుగురు వఱకు మరణించుచుందురు. దశాబ్దములపాటు ఆ ప్రాంతమునకే పరిమితమై యున్నట్లు కనబడిన ఈ వ్యాధి 2012 మొదలు చామరాజనగరము, నీలగిరులు, కేరళములోని వయనాడు, గోవా, మహారాష్ట్రములోని సింధుదుర్గము వఱకు పడమటి కనుమల పొడవున బయల్పడినది.

ఇం దెవ్వరు చిక్కుకొనిరో చూడుడు. కట్టెలు ఏరు స్త్రీలు, ఆకులలము ఊడ్చి పోకతోటల ఎరువునకును పశువుల పఱుపునకును తెచ్చు కూలీలు, పశువులను అడవిలో మేపు కాపరులు. పెరిగిన పిడుదు ఆవులమీద బలియుచుండగా, కంటికి సరిగ నానని నడిమి ప్రాయపు పురుగు జనవరి మొదలు వేసవి వఱకు ఎండుటాకులలో నుండి మనుష్యులను కుట్టుచుండును. మన సీమల అడవులలో ఈ వ్యాధి నెలకొన్నదని మే మనుటలేదు. నిష్కారణముగా భయపెట్టుట మా పని కాదు. కాని అడవి అంచు గ్రామములలో కోతులు కారణము తెలియక చచ్చినచో, ఆ కళేబరమును ముట్టక, వెంటనే పశువైద్యశాలకును ఆరోగ్యకేంద్రమునకును తెలుపుట ప్రతి సభ్యుని ధర్మము. కర్ణాటక గ్రామములలో ముందుగా హెచ్చరించినది కోతుల చావే.

మన రైతుల బిడ్డలు నేడు అమెరికా దేశమున చదువులకును ఉద్యోగములకును పోయియున్నారు గనుక ఒక్క మాట. ఆ దేశపు ఈశాన్య రాష్ట్రములలోను, మహాసరస్సుల పడమటి ప్రాంతములలోను జింకలు తిరుగు అడవులందును, ఇండ్ల వెనుక ఎత్తుగా పెరిగిన గడ్డియందును ఇక్సోడిస్ అను చిన్న పిడుదు కలదు. అది లైమ్ వ్యాధిని తెచ్చును. వారితో మాటలాడునప్పుడు ఈ సంగతి తెలుపుట తల్లిదండ్రులకు కష్టము కాదు.

ఇక ఎచ్చటనైనను పిడుదు మన మేనిని పట్టినచో చేయవలసినది: ముల్లు తీయు సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి తలవద్ద పట్టుకొని, మెలిపెట్టక తిన్నగా పైకి లాగవలెను. కిరసనాయిలు పోయుట, చుట్టనిప్పు ఆనించుట తగదు. అట్లు చేసినచో పురుగు విషమును లోనికి క్రక్కునేమో యను భయ మున్నది. కుట్టినచోటును సబ్బునీళ్ళతో కడిగి, రెండు మూడు వారములలో జ్వరము గాని దద్దురు గాని కనబడినచో వైద్యుని చూడవలెను. పొలము పనులనుండి వచ్చినవెంటనే స్నానముచేసి బట్టలు విడుచుట మన పెద్దల ఆచారము. ఈ విషయమున అంతకంటె మంచి శాస్త్ర మింకొకటి లేదు.

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తుము. పిడుదు చోటు నాశ్రయించియుండు పురుగు. ఆ చోటు ఒక్కని సొత్తు కాదు. బీడు ఊరందఱిది. సంతదారి ఊళ్ళన్నిటిది. ఒక్క కొట్టము శుభ్రముచేసి ప్రక్క కొట్టమును విడిచినచో గోడ అవతలినుండి మరల వచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క దినమున, తోచిన మందును తోచిన పాళ్ళలో చల్లినందువలన పిడుదులు చావకపోగా మందునకు అలవాటుపడుచున్నవి. సైపర్మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులకు లొంగని పిడుదులను మన దేశమున పలుచోట్ల శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. పైరుమీద చల్లు పురుగుమందును పశువుమీద పోయువారును కలరు. అది పశువునకును, పాలు త్రాగు బిడ్డకును కీడు.

కలసి పనిచేసినచో ఏమి సాధింపవచ్చునో, ఎట్లు చేయరాదో రెంటికిని అమెరికా చరిత్రమే నిదర్శనము. ఆ దేశపు దక్షిణప్రాంత పశువులు నడచిన దారిలో ఉత్తరప్రాంత పశువులు చచ్చుచుండెను. పిడుదులే కారణమని పశుకాపరు లనుచుండగా పండితులు నవ్విరి. 1893లో స్మిత్, కిల్బోర్న్ అను ఇరువురు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పిడుదులున్న పశువులను, పిడుదులను ఏరివేసిన పశువులను వేర్వేరుగా నుంచి పరీక్షించి, కాపరుల మాటయే నిజమని నిరూపించిరి. 1906లో మొదలైన నిర్మూలన ప్రయత్నము 1943 నాటికి, మెక్సికో సరిహద్దున ఒక పట్టీ తప్ప, దేశమెల్ల ఆ పిడుదును తొలగించెను. పశువులన్నిటిని గడువు ప్రకారము మందునీటి తొట్లలో ముంచుటయే వారి సాధనము. అయితే అందు నిర్బంధ మెక్కువ, సంప్రదింపు తక్కువ. ఖర్చు భరింపలేని చిన్నరైతులు కొన్నిచోట్ల ఆ తొట్లను మందుగుండు పెట్టి పేల్చిరి. తొట్లలో వాడిన పాషాణము నేటికిని కొన్ని తావుల మట్టిని చెఱచుచున్నది. ఏకకాలమున అందఱును చేసిన పని ఫలించునని ఒక పాఠము. చిన్నవానిని ఒప్పింపక చేసిన పని పగను పెంచునని రెండవ పాఠము. ఒప్పించి చేయించుటకు సహకారసంఘముకంటె తగిన సాధన మేది?

సంఘమునకు ఋణములు, ఎరువులు, విత్తనములు చాలవా, పిడుదుల గొడవ కూడ ఏల యని కొందఱడుగుదురు. పాడిపశువు కొనుటకు అప్పిచ్చునది సంఘమే గదా! ఆ ఆవు థైలేరియాతో చచ్చినచో చచ్చినది సభ్యుని ఆవు మాత్రము కాదు, సంఘపు బాకీ కూడ. ఋణమిచ్చుటకు ముందు సభ్యుని భూమికాగితములు చూచువారు అతని కొట్టపు గోడనుకూడ ఏల చూడరాదు? పొరుగువాడు చేయనప్పుడు నేనేల చేయవలెనని మరికొంద ఱందురు. ఆ ప్రశ్నకు సమాధానముగనే సహకారోద్యమము పుట్టినది.

మా సూచన లివి. ఎండకాలముననే, తొలకరికి ముందుగా, పాలకవర్గమువారు పశువైద్యశాలవారి సాయముతో ఊరి బీడులను, కొట్టములను, మంద దిగు తావులను చూచి పిడుదుల నెలవులను ఒక పుస్తకమున వ్రాయింపవలెను. కొట్టముల నెఱ్ఱెలను పూడ్చుటకు, గోడలకు సున్నము వేయుటకు, అవసరమైనవారికి గచ్చునేల చేయుటకు చిన్న అప్పు లీయవలెను. మందును, చల్లుపంపును సంఘమే ఒక్కమారుగా కొనవలెను. ఏ మందు, ఎన్ని పాళ్ళు అనునది వైద్యుని నిర్ణయము కావలెను. పాలిచ్చు పశువులకు సూదిమందులు వేయుటకు ముందు పాల విషయమై తప్పక అడుగవలెను. ఊరి పశువులన్నిటికి, మేకలతో సహా, ఒకే దినమున చల్లి, మూడువారములకు మరల చల్లవలెను. కొట్టపు గోడలకును అదే దినమున చల్లవలెను. సంతలో కొనిన పశువును చల్లిన పిదప కొన్నిదినములు విడిగా కట్టవలెను. థైలేరియా టీకా విషయమును సంకరజాతి దూడలున్న సభ్యులు వైద్యుని నడుగవలెను. రుసుము పశువుల సంఖ్యనుబట్టి యుండవలెను గాని, రెండు మేకలున్న వితంతువును పది ఆవులున్న ఆసామిని ఒకటిగా చూడరాదు. పశువులే లేని కూలివారికి కట్టెలకును పచ్చికకును పోవుటచేత ఈ పురుగుల బాధ తక్కువ కాదు; వారికిని ఈ విషయములు బోధింపవలెను.

ఇందు అసాధ్యమైనది గాని, సంఘపు శక్తికి మించినది గాని ఏదియు లేదు. ఒక ఊరు ఒక సంవత్సరము చేసి, పశువుల జ్వరములను, పాల లెక్కను పుస్తకమున వ్రాసి, మఱుసటి యేట పొరుగు సంఘమునకు చూపిన చాలును. మా మాటలకంటె ఆ లెక్కయే ఎక్కువ ఒప్పించును. రాబోవు పాలకవర్గ సమావేశమున ఏ సభ్యుడైనను లేచి ఈ ప్రశ్న నడుగవలెనని మా కోరిక: మన ఊరి పిడుదులు ఎచ్చట నున్నవి?